చక్రం ఏమంటోంది?

కొత్తగూడెం నుంచి పాల్వంచ మీదుగా భద్రాచలం వెళ్ళే రోడ్డు మీలో కొందరికి తెలిసే ఉంటుంది. తెలియనివారు ఒకసారి ఊహించుకోండి. కొత్తగూడెంలో బొగ్గు గనులు. అక్కడి నుంచి పది పన్నెండు కిలోమీటర్లు వెళితే పాల్వంచ. థర్మల్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు దూరం నుంచే కనిపిస్తాయి. ఊరు దాటి ముందుకు సాగితే జగన్నాథపురం పెద్దమ్మ గుడి వస్తుంది. తరువాత అడవి. ఇంకా ముందుకు పోతే సారపాక, గోదావరి వంతెన, ఆవలి ఒడ్డున భద్రాచలం.

ఒక సాయంత్రం మీరు ఈ దారిలో కారులో వెళుతున్నారనుకోండి. నాన్నగారు కారు నడుపుతున్నారు. ఆయన పక్కన తాతయ్య. వెనక అమ్మ, చెల్లెలు, మీరు. పాల్వంచ బజారులో ఉన్నంతసేపూ లారీల హారన్లు, ఆటోల రొద తప్ప మరేమీ వినిపించలేదు. ఊరు దాటి, రోడ్డు కాస్త నిశ్శబ్దమయ్యాక మీ చెవికి ఒక కొత్త శబ్దం తగిలింది. 'గుంయ్' మని ఒకటే మోత. కారు వేగం పెరిగితే మోత పెరుగుతోంది. వేగం తగ్గితే తగ్గుతోంది.

"నాన్నా! చక్రం దగ్గర ఏదో మోత వస్తోంది" అన్నారు మీరు.

"రోడ్డు గరుకుగా ఉందిలే" అన్నారు నాన్నగారు.

ఇప్పుడేం చేయాలి? ముందున్నది అడవి. చీకటి పడబోతోంది. ఆ మోతకు కారణం టైరు గాడిలో ఇరుక్కున్న చిన్న రాయి అయితే భయపడవలసింది ఏమీ లేదు. చక్రాన్ని బిగించే నట్లు వదులై ఉంటే మాత్రం ఒక్క కిలోమీటరు కూడా ముందుకు వెళ్ళకూడదు. రెండూ చక్రం దగ్గరి శబ్దాలే. కాని ఒకటి నవ్వి ఊరుకోదగినది, రెండవది ప్రాణాల మీదికి తెచ్చేది. చక్రాన్ని విప్పి చూడకుండా ఈ తేడా తెలుసుకోగలమా?

తప్పకుండా తెలుసుకోగలం. దానికి కావలసింది రెండు చెవులు, కాస్త భౌతికశాస్త్రం, సరైన ప్రశ్నలు వేసే అలవాటు.

డాక్టరు చేసే పనే

మీకు దగ్గు వస్తే డాక్టరుగారు ఏం చేస్తారు? ఛాతీని కోసి చూడరు. స్టెతస్కోపు పెట్టి వింటారు. "గట్టిగా గాలి పీల్చు, వదులు, అటు తిరుగు" అంటారు. అంటే పరిస్థితిని కొద్దికొద్దిగా మారుస్తూ, శబ్దం ఎలా మారుతోందో గమనిస్తారు.

ఈ పరికరాన్ని 1816లో ఫ్రాన్సుకు చెందిన రెనే లెనెక్ అనే వైద్యుడు కనిపెట్టాడు. మొదట ఆయన వాడింది గొట్టంలా చుట్టిన కాగితం మాత్రమే. పిల్లలు ఒక పొడవాటి దూలం చివర గీరుతూ, రెండవ చివర చెవి ఆనించి వింటూ ఆడుకోవడం చూసి ఆయనకు ఈ ఆలోచన వచ్చిందని చెబుతారు. ఘనపదార్థాలలో శబ్దం చక్కగా ప్రయాణిస్తుంది. గాలిలో శబ్దం వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. ఉక్కులో 5,000 మీటర్లకు పైగా ఉంటుంది. అందుకే మోటారు మెకానిక్కులు పొడవాటి స్క్రూడ్రైవరు కొనను యంత్రానికి ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకుని వింటారు. అదే వాళ్ళ స్టెతస్కోపు.

అయితే ఉక్కులో శబ్దం ఇంత సులభంగా ప్రయాణించడం వల్ల ఒక చిక్కు కూడా ఉంది. ముందు కుడి చక్రం దగ్గర పుట్టిన మోత ఇరుసు గుండా, కారు అడుగు రేకు గుండా పాకి, ఎడమవైపు నుంచి వస్తున్నట్టు అనిపించవచ్చు. పైగా మన రెండు చెవులకు శబ్దం చేరే కాలంలోని తేడాను బట్టి అది ఎటు నుంచి వచ్చిందో మెదడు పసిగడుతుంది. ఈ తేడా సెకనులో వెయ్యోవంతు కూడా ఉండదు. బొంగురు మోతల విషయంలో ఈ పని ఇంకా కష్టం. సెకనుకు 45 కంపనాలు ఉన్న శబ్దానికి గాలిలో తరంగ దైర్ఘ్యం ఏడు మీటర్లకు పైగా ఉంటుంది. అంటే కారు పొడవు కంటే ఎక్కువ! అలాంటి మోత కారంతా నిండిపోతుంది. కాబట్టి "నాకు ఎడమవైపే వినిపించింది" అన్నంత మాత్రాన చాలదు. పరీక్షించాలి.

మొదటి ప్రశ్న: ఇంజనా, చక్రమా?

కారు ఆగి ఉన్నప్పుడు ఇంజను వేగం పెంచితే మోత వస్తోందా? వస్తే దోషం ఇంజను వైపు ఉంది. రాకపోతే రెండవ పరీక్ష. రద్దీ లేని తిన్నని రోడ్డు మీద కారు నడిపేవారు గేరును న్యూట్రలులోకి తెచ్చి కాసేపు కారును దానంతట దొర్లనిస్తారు. ఇంజనును ఆపరు. ఆపితే బ్రేకు బరువెక్కుతుంది, స్టీరింగు మొరాయించవచ్చు. ఇప్పుడు ఇంజను మెల్లగా తిరుగుతోంది, చక్రాలు మాత్రం వేగంగా తిరుగుతున్నాయి. మోత అలాగే ఉందా? అయితే దొంగ చక్రాల వైపే ఉన్నాడు.

చూశారా! ఒక్క ప్రశ్నతో సగం కారును అనుమానితుల జాబితా నుంచి తీసేశాం.

లెక్కకు దొరికే దొంగ

అన్నింటికంటే అమాయకుడైన దొంగ టైరులో ఇరుక్కున్న కంకర రాయి. వాడు 'టిక్, టిక్' మంటాడు. చక్రం ఒక చుట్టు తిరిగితే ఒక టిక్కు.

కారు టైరు వ్యాసం సుమారు 60 సెంటీమీటర్లు అనుకుందాం. అప్పుడు దాని చుట్టుకొలత 3.14 × 0.6 = 1.88 మీటర్లు. గంటకు 40 కి.మీ. వేగం అంటే సెకనుకు 11.1 మీటర్లు. 11.1ని 1.88తో భాగిస్తే సుమారు 6. అంటే సెకనుకు ఆరు టిక్కులు. గంటకు 20 కి.మీ. వేగంలో మూడు. మనిషి నడిచే వేగంలో, అంటే గంటకు 5 కి.మీ. దగ్గర, నాలుగు సెకన్లకు మూడు టిక్కులు.

కాబట్టి కారును బాగా మెల్లగా నడిపిస్తూ లెక్కపెడితే చాలు. చక్రం చుట్టుకు సరిగ్గా ఒక టిక్కు వస్తుంటే టైరులో రాయో, మేకో ఉండవచ్చు. రాయి అయితే కారు ఆపి, దాన్ని పెరికి పారేస్తే శబ్దం పోతుంది. మేకు అయితే పెరకకూడదు. పెరికితే గాలి దిగిపోతుంది. పంక్చరు వేసేవారి దగ్గరికి వెళ్ళాకే దాని సంగతి చూడాలి.

మరి మీరు విన్నది టిక్కు కాదు, 'గుంయ్' మనే మోత. దాని సంగతేమిటి?

టిక్కు ఎప్పుడు మోత అవుతుంది?

చక్రం నడిబొడ్డున హబ్బు ఉంటుంది. దానిలో బేరింగు ఉంటుంది. బేరింగు అంటే రెండు ఉక్కు వలయాలు, వాటి మధ్య నునుపైన ఉక్కు గోళాలు. కొన్ని బేరింగులలో గోళాలకు బదులు చిన్న చిన్న రోలర్లు ఉంటాయి. గోళాలు ఒకదానికొకటి తగలకుండా ఒక పంజరం వాటిని విడివిడిగా పట్టి ఉంచుతుంది. అంతటా గ్రీజు పూసి ఉంటుంది. నేటి కార్లలో చాలావాటికి హబ్బుతో పాటు లోపలి వలయం తిరుగుతుంది, బయటి వలయం కదలకుండా ఉంటుంది.

కారు బరువంతా ఈ చిన్న గోళాల మీదే ఆధారపడి ఉంటుంది. గోళం వలయాన్ని తాకే చోటు ఆవగింజంత కూడా ఉండదు. అంత చిన్న చోట అంత బరువు పడుతూ, కోట్ల సార్లు గోళాలు దొర్లిపోతుంటే ఏమవుతుంది? ఇనుప తీగను అటూ ఇటూ పదేపదే వంచితే విరిగినట్టే, ఉక్కు కూడా అలసిపోతుంది. పైపొర కింద సన్నని పగులు పుడుతుంది. అది పైకి పాకి చిన్న పెచ్చు ఊడుతుంది. నున్నని దారిలో ఒక గుంట పడిందన్నమాట.

ఇప్పుడు లెక్క చూడండి. బేరింగులో 12 గోళాలు ఉన్నాయనుకుందాం. చక్రం ఒక చుట్టు తిరిగేసరికి గోళాల వరుస చుట్టులో నాలుగు పదోవంతులు మాత్రమే తిరుగుతుంది. కాబట్టి బయటి వలయంలోని గుంట మీదుగా చక్రం చుట్టుకు సుమారు 5 గోళాలు దొర్లుతాయి. గంటకు 60 కి.మీ. వేగంలో చక్రం సెకనుకు సుమారు 9 చుట్లు తిరుగుతుంది. 9 × 5 = 45. అంటే సెకనుకు 45 దెబ్బలు!

సెకనుకు ఆరు దెబ్బలను మన చెవి విడివిడిగా వింటుంది. దెబ్బలు సెకనుకు 20 దాటాయా, చెవి వాటిని లెక్కపెట్టలేదు. అన్నీ కలిసిపోయి ఒకే మోతగా వినిపిస్తాయి. రాయి 'టిక్ టిక్' అనడానికీ, బేరింగు 'గుంయ్' మనడానికీ ఇదే ముఖ్యమైన తేడా. పైగా ప్రతి దెబ్బకూ హబ్బు గంటలా మోగుతుంది. దానివల్ల మోతకు మరికొన్ని స్వరాలు తోడవుతాయి. గుంటలు పెరిగేకొద్దీ గుంయ్ మన్నది గురగుర అవుతుంది. ఆ తరువాత గరగర. అప్పటికి చాలా ఆలస్యమైనట్టే.

కందెన నుంచి గ్రీజు దాకా

"మా రోజుల్లో ఎడ్లబండికీ ఇంతే. కందెన పెట్టకపోతే ఊరంతటికీ వినిపించేలా ఏడ్చేది" అన్నారు తాతయ్య.

తాతయ్య మాట నిజం. ఎడ్లబండి చక్రం ఇరుసు మీద రాసుకుంటూ తిరుగుతుంది. రెండు ఘనపదార్థాల తలాలు ఒకదానిపై ఒకటి జారుతున్నప్పుడు అవి కాసేపు అంటుకుని, కాసేపు జారి, మళ్ళీ అంటుకుంటాయి. ఈ అంటుకోవడం, జారడం సెకనుకు వందలసార్లు జరిగితే కీచుమంటుంది. తలుపు బందుల కిర్రు కూడా ఇలాంటిదే. కందెన రెండు తలాల మధ్య పొరగా నిలిచి వాటిని విడదీస్తుంది. మన రైతులు ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి కందెన చేసుకునేవారు.

జారే బదులు దొర్లితే ఘర్షణ ఇంకా తగ్గుతుంది. వేల్సు దేశంలో ఫిలిప్ వాన్ అనే ఇనుము తయారీదారు 1794లో బండి ఇరుసుకు గోళాలు అమర్చే పద్ధతికి పేటెంటు పొందాడు. 1869లో ఫ్రాన్సులో జూల్స్ సూరిరే సైకిలుకు గోళాల బేరింగు అమర్చాడు. కాని గోళాలన్నీ ఒకే కొలతలో ఉంటేనే బరువు సమానంగా పంచుకుంటాయి. ఒకటి కొంచెం పెద్దదైతే భారమంతా దాని మీదే పడుతుంది. 1883లో జర్మనీలో ఫ్రీడ్రిష్ ఫిషర్ ఉక్కు గోళాలను ఒకే కొలతకు అరగదీసే యంత్రాన్ని తయారు చేశాకే బేరింగులు విరివిగా వాడుకలోకి వచ్చాయి.

మరి బేరింగుకు శత్రువులెవరు? అధిక బరువు, రోడ్డు గుంతలు, అన్నిటికంటే ముఖ్యంగా నీరు. వానాకాలంలో అడవి దారుల్లో వాగులు రోడ్డు మీదుగా పారుతుంటాయి. దూరం నడిచి వేడెక్కిన హబ్బు ఒక్కసారిగా వాగు నీటిలో మునిగితే చల్లబడుతుంది. లోపలి గాలి కుంచించుకుపోయి, సీలు సందుల్లోంచి నీటిని లోపలికి పీల్చుకోవచ్చు. నీటి వెంట సన్నని ఇసుక కూడా వస్తుంది. గ్రీజు పాడవుతుంది. ఉక్కు తుప్పు పడుతుంది. ఆ రోజు ఏమీ తెలియదు. కొన్ని నెలల తరువాత మోత మొదలవుతుంది.

మలుపు చెప్పే రహస్యం

సరే, బేరింగు మీద అనుమానం వచ్చింది. నాలుగు చక్రాల్లో ఏది?

బస్సు ఎడమకు వేగంగా మలుపు తిరిగినప్పుడు మీరు ఎటు ఒరుగుతారు? కుడికి. కారు కూడా అంతే. ఎడమకు తిరిగేటప్పుడు దాని బరువు కుడి చక్రాల మీదికి మళ్ళుతుంది. ఎంత మళ్ళుతుందో లెక్క వేద్దాం.

కారు ద్రవ్యరాశి 1,000 కిలోలు. దాని గురుత్వ కేంద్రం నేల నుంచి అర మీటరు ఎత్తున ఉంది. ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం 1.4 మీటర్లు. కారు గంటకు 36 కి.మీ., అంటే సెకనుకు 10 మీటర్ల వేగంతో, 50 మీటర్ల వ్యాసార్ధం గల మలుపు తిరుగుతోంది. త్వరణం వేగవర్గాన్ని వ్యాసార్ధంతో భాగిస్తే వస్తుంది. 100 ÷ 50 = 2. మళ్ళే భారం 1,000 × 2 × 0.5 ÷ 1.4 = సుమారు 714 న్యూటన్లు. ఇది దాదాపు 73 కిలోల బరువు. అంటే ఎడమ చక్రాల మీద కూర్చున్న ఒక పెద్దమనిషి లేచి కుడి చక్రాల మీదికి వచ్చి కూర్చున్నట్టు!

గుంట పడిన బేరింగు మీద భారం పెరిగితే దెబ్బలు గట్టిగా తగులుతాయి, మోత పెరుగుతుంది. భారం తగ్గితే మోత తగ్గుతుంది. కాబట్టి ఎడమకు తిరిగినప్పుడు మోత పెరిగి, కుడికి తిరిగినప్పుడు తగ్గితే అనుమానం కుడి చక్రం మీద. ఇందుకు విరుద్ధంగా జరిగితే ఎడమ చక్రం మీద.

అడవి రోడ్డులో మలుపులకు కొదవ లేదు. మీరు చెవి రిక్కించి విన్నారు. ఎడమ మలుపులో మోత హెచ్చింది. కుడి మలుపులో దాదాపు ఆగిపోయింది. ఈ సంగతి చెప్పగానే నాన్నగారు తరువాతి మలుపులో తాను కూడా విన్నారు. ఇక "రోడ్డు గరుకు" అనలేదు. రోడ్డు గరుకు మలుపును బట్టి మారదు కదా!

మరికొన్ని గొంతులు

దోషి దొరికాడని తొందరపడకూడదు. మిగిలినవారిని కూడా విచారించాలి.

టైరు: ఎగుడుదిగుడుగా అరిగిన టైరు కూడా బేరింగులాగే మోత పెడుతుంది. కాని తారు రోడ్డు నుంచి సిమెంటు రోడ్డు మీదికి ఎక్కగానే దాని గొంతు మారిపోతుంది. బేరింగు గొంతు అంతగా మారదు. ఇంకా అనుమానం ఉంటే ముందు చక్రాన్ని వెనక్కి, వెనక చక్రాన్ని ముందుకు మార్చి చూస్తారు. మోత చక్రంతో పాటు వెనక్కి వెళితే దోషం టైరుది. ఉన్నచోటనే ఉంటే బేరింగుది.

బ్రేకు: బ్రేకు వేసినప్పుడు శబ్దం మారితే బ్రేకును అనుమానించాలి. చాలా కార్ల బ్రేకు ప్యాడుకు ఒక చిన్న ఇనుప రేకు అమర్చి ఉంటుంది. ప్యాడు అరిగిపోవచ్చినప్పుడు ఆ రేకు డిస్కుకు తగిలి కీచుమంటుంది. "నన్ను మార్చండి" అని చెప్పడానికే ఇంజనీర్లు దానిని అక్కడ పెట్టారు. కంకర రోడ్డు మీద నడిచాక ఒక్కోసారి చిన్న రాయి డిస్కుకూ, దాని వెనుక ఉండే రేకుకూ మధ్య చిక్కుకుని చెవులు చిల్లులు పడేలా అరుస్తుంది.

సీ.వీ. జాయింటు: ముందు చక్రాలతో నడిచే కార్లలో ఇంజను శక్తిని తిరిగే చక్రానికీ, మలిగే చక్రానికీ అందించే కీలు ఇది. మన దేశంలో 1983లో వచ్చిన మారుతీ 800 ఇలాంటి కారు. అంతకు ముందున్న అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని వెనక చక్రాలతో నడిచేవి. ఈ కీలు అరిగితే స్టీరింగు పూర్తిగా తిప్పి మెల్లగా మలిగేటప్పుడు 'టక్ టక్ టక్' మంటుంది.

వదులైన నట్లు: ఇది అన్నింటికంటే ప్రమాదం. మెల్లగా వెళ్ళేటప్పుడు గడగడమని కొట్టుకుంటుంది. స్టీరింగు వణుకుతుంది. చక్రం మార్చిన తరువాత కొద్ది రోజుల్లో ఇలాంటి శబ్దం వస్తే వెంటనే రోడ్డు పక్కకు తీసి ఆపాలి. నట్లను వరుసగా కాకుండా ఎదురెదురుగా బిగించాలి. అప్పుడే చక్రం హబ్బుకు సమంగా అతుక్కుంటుంది.

గుడి దగ్గర ఆగారు

మన కథకు వద్దాం. నాన్నగారు కారును వెనక్కి తిప్పి, మెల్లగా నడిపి పెద్దమ్మ గుడి దగ్గర వెలుతురులో ఆపారు. నట్లు చూశారు. గట్టిగానే ఉన్నాయి. టైరులో రాయి లేదు. తరువాత ఒక్కొక్క చక్రం దగ్గర, తాకకుండా, అరచేతిని కొద్ది దూరంలో పెట్టి చూశారు. ముందు ఎడమ చక్రం గోరువెచ్చగా ఉంది. ముందు కుడి చక్రం నుంచి సెగ తగులుతోంది. ఘర్షణ పెరిగితే శక్తి వేడిగా మారుతుందని మీరు పాఠంలో చదువుకున్నదే. అయితే బ్రేకు పట్టేసినా చక్రం వేడెక్కుతుంది. అందుకే ఎడమ, కుడి పోల్చి చూడాలి, ఆ ఒక్క గుర్తునే నమ్మకూడదు.

ఇప్పుడు నిర్ణయం తీసుకోవాలి. "ఎలాగో భద్రాచలం చేరుకుందాం" అనవచ్చు. మోత పెట్టే బేరింగు ఒక్కోసారి చాలా రోజులు నడుస్తుంది కూడా. కాని వేడెక్కిన బేరింగు ఏ క్షణాన పట్టేస్తుందో, ఎప్పుడు విచ్చిపోతుందో చెప్పలేం. పట్టేస్తే చక్రం తిరగదు. విచ్చిపోతే చక్రం ఊగిపోతుంది, కారు అదుపు తప్పవచ్చు. నాన్నగారు పాల్వంచ మెకానిక్కుకు ఫోను చేశారు.

మెకానిక్ వచ్చి హ్యాండుబ్రేకు వేయించాడు. వెనక చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టాడు. జాకీతో ముందు కుడి చక్రాన్ని లేపి, కింద స్టాండు పెట్టాడు. గడియారంలో 12, 6 ఉండే చోట్ల చక్రాన్ని రెండు చేతులతో పట్టి ఊపాడు. కొద్దిగా కదిలింది. 9, 3 ఉండే చోట్ల పట్టి ఊపాడు. అప్పుడూ కొద్దిగా కదిలింది. 9, 3 దగ్గర మాత్రమే కదిలితే స్టీరింగు కీళ్ళను అనుమానించాలి. రెండు విధాలా కదిలితే బేరింగును. తరువాత ఒక చేయి సస్పెన్షన్ స్ప్రింగు మీద ఆనించి, రెండో చేత్తో చక్రాన్ని తిప్పాడు. "చెయ్యి పెట్టి చూడండి సార్" అన్నాడు నాన్నగారితో. స్ప్రింగు జివజివలాడుతోంది. ఎడమ చక్రం తిప్పితే దాని స్ప్రింగు నిశ్శబ్దంగా ఉంది.

"బేరింగ్ పోయింది సార్. నీళ్ళలో గానీ దిగిందా బండి?" అని అడిగాడు.

నాన్నగారికి అప్పుడు గుర్తుకు వచ్చింది. పోయిన వానాకాలం ఒక వాగు దాటారు. మర్నాడు విప్పి చూస్తే గ్రీజు బూడిదరంగు బురదలా మారింది. బయటి వలయంలో ఒకచోట గోరుతో తడిమితే తెలిసేంత పెచ్చు ఊడి ఉంది. అంత చిన్న గుంట అంత మోత పెట్టింది!

పాల్వంచలో చక్రాలను వినేవాళ్ళు

చక్రాల మాట వినడం కారు మెకానిక్కులకే పరిమితం కాదు. పాల్వంచనే చూడండి. ఇక్కడి కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రంలో మొదటి యూనిట్టు 1966లో పని మొదలుపెట్టింది. ఆనాటి పాత యూనిట్లు 2020 నాటికి ఆగిపోయాయి. వాటి ఎనిమిది కూలింగు టవర్లను 2024 ఆగస్టులో కూల్చివేశారు. తరువాత కట్టిన యూనిట్లు నడుస్తున్నాయి. వాటిలో 800 మెగావాట్ల యూనిట్టు 2018లో ప్రారంభమైంది.

అక్కడి టర్బైను నిమిషానికి 3,000 చుట్లు, అంటే సెకనుకు 50 చుట్లు తిరుగుతుంది. మన ఇంటి కరెంటు సెకనుకు 50 ఆవర్తనాలు చేసేది అందుకే. అంత బరువైన ఇరుసును గోళాల మీద కాక, సన్నని నూనె పొర మీద తేలుస్తారు. ప్రతి బేరింగు దగ్గరా కంపనాన్ని, వేడిని కొలిచే పరికరాలు రాత్రింబగళ్ళు కాపలా కాస్తుంటాయి. కంపనం హద్దు మీరితే యంత్రాన్ని ఆపివేస్తారు. బొగ్గును మోసే కన్వేయరు పట్టీ కింద వందలాది రోలర్లు ఉంటాయి. ఒక రోలరు బేరింగు పట్టేస్తే పట్టీ దాని మీద రాసుకుని వేడెక్కుతుంది. బొగ్గు పొడి ఉన్నచోట అది నిప్పుకు దారి తీయవచ్చు. కాబట్టి పట్టీ పక్కన నడుస్తూ ఏ రోలరు కీచుమంటోందో వినడం అక్కడ ముఖ్యమైన పని.

కొత్తగూడెంలో ఉన్న రైలు స్టేషను పేరు భద్రాచలం రోడ్. రైల్వేలలో పెద్ద స్టేషన్లలోకి రైలు వస్తుండగా సిబ్బంది పట్టాలకు రెండు వైపులా కూర్చుని, కదిలే చక్రాలను చూస్తారు, వింటారు. చక్రం ఒకచోట అరిగి చదునైతే చుట్టుకు ఒకసారి 'దబ్' మంటుంది. మన కంకర రాయి లెక్కే! రైలు ఆగాక ఇరుసు పెట్టెల వేడిని కొలుస్తారు. మీ నాన్నగారు అరచేతితో చూసిన పరీక్షనే వాళ్ళు పరికరంతో చేస్తారు.

మీరే చేసి చూడండి

దీనికి కారు అక్కరలేదు. సైకిలు చాలు. సైకిలును సీటు, హ్యాండిలు మీద తలకిందులుగా నిలబెట్టండి. మిత్రుణ్ణి గట్టిగా పట్టుకోమనండి.

మొదటి ప్రయోగం: ముందు చక్రం స్పోకులు లెక్కపెట్టండి. ఒక దళసరి అట్టముక్క అంచు స్పోకులకు కొద్దిగా తగిలేలా ఫోర్కుకు కట్టండి. చక్రాన్ని బాగా మెల్లగా తిప్పితే టక్కులు విడివిడిగా వినిపిస్తాయి. వేగం పెంచుతూ పోండి. 36 స్పోకులుంటే రెండు సెకన్లకు ఒక చుట్టు వేగంలో సెకనుకు 18 టక్కులు. సెకనుకు రెండు చుట్ల వేగంలో 72. ఏ వేగం దగ్గర టక్కులు కలిసి మోతగా మారాయి? ఆ సంఖ్యను రాసుకోండి. మీ మిత్రుడికి కూడా అదే సంఖ్య వచ్చిందా?

రెండవ ప్రయోగం: అట్ట తీసేయండి. సైకిలు చక్రం తిరిగినా దాని ఇరుసు తిరగదు. బడిలోని మీటరు బద్ద ఒక చివరను ఇరుసు కొసనున్న నట్టుకు ఆనించండి. రెండవ చివరను చెవి ముందుండే ఎముకకు నొక్కిపెట్టండి. మిత్రుణ్ణి చక్రం తిప్పమనండి. గాలిలో వినిపించని గరగర బద్ద గుండా వినిపిస్తుంది. చక్రం ఆగడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. తరువాత సైకిలు షాపులో ఆ చక్రానికి గ్రీజు పెట్టించి మళ్ళీ అదే వేగంతో తిప్పి వినండి. మోతలోనూ, సెకన్లలోనూ వచ్చిన తేడాను పట్టికగా రాయండి.

జాగ్రత్తలు మరచిపోకండి. జుట్టు, చున్నీ, చొక్కా చివరలు స్పోకుల దగ్గరికి రానీయకండి. తిరిగే చక్రంలో వేలు పెట్టకండి. జాకీ మీద నిలబెట్టిన కారు కిందికి ఎన్నడూ దూరకండి. జాకీ జారిపోవచ్చు. ఆగిన కారు చక్రం మధ్యభాగాన్ని ముట్టుకోకండి. అది చెయ్యి కాలేంత వేడిగా ఉండవచ్చు.

ఈసారి బస్సులోనో, కారులోనో వెళుతున్నప్పుడు కొత్త శబ్దం వినిపిస్తే ఊరుకోకండి. కాని "బండి పాడైంది" అని మాత్రమే చెబితే పెద్దవాళ్ళు పట్టించుకోకపోవచ్చు. "వేగంతో పెరుగుతోంది, ఎడమకు తిరిగితే హెచ్చుతోంది, బ్రేకుతో మారడం లేదు" అని చెప్పండి. అలా చెబితే ఎంత పెద్దవారైనా ఒకసారి ఆగి వింటారు.